ఖాళీ బండి బరువు

ఇరవై రెండేళ్లు
ఆమె భుజాల మీద నల్లగౌను వేసింది నేనే.
ఎడమ మోచేతి దగ్గర చిరుగు సంగతి
హెలీనాలో నాకూ దర్జీకీ తప్ప ఎవరికీ తెలీదు.
"కొత్తది తెప్పించనా?" అంటే
"చిరుగు తీర్పులో కనపడుతుందా, లెస్టర్?" అనేది.

జస్టిస్ సోల్వై ట్వెట్ సోమవారం పోయింది.
పేపరు వాళ్లు ఆరు పేరాలు రాశారు:
పుట్టిన ఏడు, చదివిన కాలేజీ,
మోంటానా సుప్రీంకోర్టుకి గెలిచిన మూడు ఎన్నికలు.
కాటా ఊసు లేదు.

కాటా అంటే,
ఉత్తరాన రైలుపట్టాల వార కెల్సన్ అనే ఊళ్లో
వాళ్ల నాన్న గున్నార్ గిడ్డంగి ముందు
నేలలో దిగేసిన ఇనుప పలక.
గోధుమ లారీ ఎక్కేది. ముల్లు వణికి వణికి ఆగేది.
దిగబోశాక ఖాళీ లారీ మళ్లీ ఎక్కేది.
రెండంకెల మధ్య ఎంత ఉంటే అంత రైతుది.
తరుగు తీయడం ఆయనకి చేతకాదు.
తొమ్మిదేళ్ల పిల్ల స్టూలెక్కి అంకెలు రాసేది.
ఓ మంచు సాయంత్రం, వేళ్లు కొంకర్లు పోతుంటే
"ఖాళీ బండి బరువు నిన్నటిదే వేసేయనా?" అందట.
ఆయన కోప్పడలేదు.
లాంతరు పట్టి, చక్రాల వెనక గడ్డకట్టిన మంచు చూపించాడు.
నిన్నటి బండి కాదది.

లా కాలేజీలో ఆడపిల్లలు ఇద్దరు.
రెండో అమ్మాయి క్రిస్మస్‌కి పెళ్లాడి వెళ్లిపోయింది.
మొదటి ఆఫీసులో ఈమెకి టైపు పరీక్ష పెట్టారు,
నిమిషానికి ఎనభై మాటలు, ఒక్క తప్పు లేదు.
"భేష్" అన్నారు. టోపీ తీసుకుని బయటికొచ్చి
గుర్రపు జీనుల కొట్టు పైన గది అద్దెకి తీసుకుంది.
కంచె తగాదాలు, విడాకులు, కాలువ వంతులు.
ఏళ్లతరబడి ఆ ఫైళ్లకి తోలు వాసన.

మా దగ్గర జడ్జి కూడా ఓటడగాలి.
సంతలో పందుల పందెం పక్కన నిలబడి
చెయ్యి కలిపేది, చెర్రీ పై తినేది.
"గని కేసులో మా వైపేగా?" అంటే
"కాగితాలు ఇంకా చదవలేదండీ."
మూడుసార్లూ అదే జవాబు.
మూడోసారి పదకొండు వందల ఓట్లతో గట్టెక్కింది.

ఏటి నీళ్లమీద పాత హక్కు రిజర్వేషన్‌ వాళ్లదేనని,
కెల్సన్ రైతులది కాదని రాసిన ఏడాది
సొంతూరి చర్చిలో ఆమె బెంచీ మీద
ఆమె ఒక్కతే కూర్చుంది.
దాని గురించి ఎప్పుడూ బాధపడగా చూడలేదు.

బాధపడింది వెస్లీ క్రుమ్ గురించి.
పదిహేడేళ్లవాడు. యావజ్జీవం.
ఏడుగురు జడ్జీలు, ఏడు సంతకాలు, తీర్పు ఆమె రాత.
పదకొండు పేజీలు, ఎక్కడా పలుకురాయి తగలదు.
పద్నాలుగేళ్ల తర్వాత, ఓ మధ్యాహ్నం,
సూప్ చల్లారిపోతుండగా చెంచా కింద పెట్టి అంది:
"నేరం తూచాం, లెస్టర్.
అది దిగబోశాక మిగిలిన కుర్రాణ్ణి తూచలేదు."
నాకేం అనాలో తోచలేదు. గౌను అందించాను.
రెండు గంటల కేసుకి వేళైంది.

రిటైరయ్యాక పెరోల్ బోర్డు ముందు నిలబడింది,
ఎప్పుడూ పైన కూర్చున్న మనిషి, కింద.
కాదన్నారు. మళ్లీ వెళ్లింది. మళ్లీ కాదన్నారు.
అప్పట్నుంచి నెలనెలా మొదటి గురువారం
డీర్ లాడ్జ్ జైలుకి తనే కారు నడుపుకుంటూ వెళ్లేది.
అద్దానికి ఇటూ అటూ కూర్చుని క్రిబేజ్ ఆడేవాళ్లు,
పేకలు ఆమెవి, లెక్క అతనిది.
"గెలిచాడు, వెధవ" అని మురిసిపోతూ వచ్చేది.

రేపు గురువారం.
పేపర్లో ఆ సంగతీ లేదు.
బండికి పెట్రోలు పోయించాను.
క్రిబేజ్ నాకు రాదు.
అడిగితే నేర్పుతాడేమో.